వెనకవాళ్లు తోయడం ఆపి ఉంటే సరిపోయేది కదా?

ప్రశ్న: 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వెళ్లిన 97 మంది చనిపోయారని చదివాను. ముందు అంతమంది చచ్చిపోతుంటే వెనకవాళ్లు ఎందుకు తోస్తూనే ఉన్నారు? ముందున్నవాళ్లు మైదానంలోకి దూకేయొచ్చు కదా? ఇంతకీ ఇది జనం తప్పా, పోలీసుల తప్పా? మా అబ్బాయి పెద్ద మ్యాచ్‌కి తీసుకెళ్లమని గొడవ చేస్తున్నాడు. ఇది చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

స్టేడియాల్లో, పెద్ద సభల్లో జనం రాకపోకల ఏర్పాట్లు చూడటం నా వృత్తి. చాలా ఏళ్లుగా ఇదే పని. మీ మొదటి ప్రశ్న ఈ పనిలో కొత్తగా చేరే ప్రతివాళ్లూ అడిగేదే. దానికి జవాబు దొరికితే మిగతావాటికి కూడా సగం దొరికినట్టే. అందుకని దానిమీదే ఎక్కువసేపు ఉంటాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇలాంటి ప్రమాదాల్లో చాలామంది కాళ్ల కింద పడి నలిగి చనిపోరు. నిలబడి ఉండగానే ఊపిరాడక చనిపోతారు. గాలి పీల్చాలంటే ఛాతీ కాస్త ఉబ్బాలి, పొట్ట కదలాలి. ముందు ఒకరు, వెనక ఒకరు, రెండు పక్కలా ఇద్దరు బిగుసుకుపోయి ఉంటే వదిలిన ఊపిరి వదిలినంతే, మళ్లీ పూర్తిగా పీల్చడం కుదరదు. అలా కొన్ని నిమిషాలు గడిస్తే స్పృహ పోతుంది. పడటానికి కూడా చోటు లేదు కాబట్టి మనిషి అలాగే నిలబడి ఉంటాడు. భుజం భుజం ఆనించి ఉన్న పక్కవాడికి కూడా అతను పోయాడని వెంటనే తెలియదు.

ఇది కాగితం మీద చదివితే ఒంటికి ఎక్కదు. కొత్త సిబ్బందికి నేర్పేటప్పుడు నేను నేలమీద సుద్దముక్కతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీసి అందులో ఒక్కొక్కరినీ నిలబెడతాను. నలుగురు ఉన్నంతవరకూ జోకులేసుకుంటూ ఉంటారు, జేబులోంచి ఫోన్ తీయగలరు, వెనక్కి తిరగగలరు. ఐదో మనిషి వచ్చేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆరో మనిషితో నవ్వులు ఆగిపోతాయి. ఎవరైనా కదిలితే అందరూ కదలాలి. ఏడో మనిషిని లోపలికి నెట్టాలంటే నేను నిజంగానే నెట్టాలి. అప్పుడు గడి అవతలి అంచున ఉన్నవాణ్ని వేలితో కొంచెం తోస్తే ఇవతలివాడు గీత దాటి బయటికి వస్తాడు. వాడు కావాలని కదల్లేదు, ఆపుకోవడం వాడి చేతుల్లో లేదు. జనసమ్మర్దం మీద పరిశోధన చేసిన జాన్ ఫ్రూయిన్ చెప్పింది కూడా ఇదే: చదరపు మీటరుకు ఏడుగురి దగ్గరికి వచ్చేసరికి గుంపు దాదాపు నీళ్లలా మారిపోతుంది. ఎక్కడో పుట్టిన చిన్న ఊపు అలలా పాకి, ఎక్కడో ఉన్నవాళ్లను కాళ్లు నేలకు ఆనకుండా లేపేస్తుంది. ఆ స్థితిలో మన ఇష్టాయిష్టాలకు పని లేదు. నిలబడి చూసే చోట చదరపు మీటరుకు 4.7 మందికి మించకూడదని బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకు ఆధారంగా పెట్టుకునే గ్రీన్ గైడ్ చెప్పడానికి కారణం ఇదే.

ఇప్పుడు హిల్స్‌బరోకి వద్దాం.

1989 ఏప్రిల్ 15, శనివారం. షెఫీల్డ్ నగరం. ఇంగ్లండ్ క్లబ్బుల పోటీ అయిన ఎఫ్ఏ కప్ సెమీఫైనల్‌లో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అనే జట్లు ఆడుతున్నాయి. ఆట మధ్యాహ్నం మూడింటికి. లివర్‌పూల్ అభిమానులు 24 వేలకు పైగా ఉన్నారు, వాళ్లందరికీ ఇచ్చిన దారి మాత్రం లెపింగ్స్ లేన్ అనే వీధి వైపున్న ప్రవేశం ఒక్కటే. అక్కడ మొత్తం 23 టర్న్‌స్టైల్స్, అంటే ఒక్కొక్కరినే లోపలికి పంపే తిరుగుడు గేట్లు. అందులో నిలబడి చూసే టెర్రస్ టికెట్లు ఉన్న 10,100 మందికి కేటాయించినవి ఏడు.

ఇక్కడే కాస్త ఆగి లెక్క వేయండి. ఒక టర్న్‌స్టైల్ గుండా గంటకు 660 మంది కంటే ఎక్కువ పోతారని అనుకోకూడదు అంటుంది ఇప్పటి గ్రీన్ గైడ్. ఏడింటికి కలిపి 4,620. అంటే ఒక్క క్షణం ఎక్కడా ఆగకుండా, ఎవరికీ టికెట్ వెతుక్కోవాల్సిన పని పడకుండా సాగినా 10,100 మంది లోపలికి వెళ్లడానికి రెండు గంటల పైనే పడుతుంది. ఆట మూడింటికైతే పన్నెండున్నర నుంచే జనం సమానంగా, వరస తప్పకుండా వస్తూ ఉండాలి. ఫుట్‌బాల్ జనం ఎక్కడైనా అలా వస్తారా? చివరి గంటలో వస్తారు. రెండున్నర అయ్యేసరికి టెర్రస్ టికెట్లు ఉన్నవాళ్లలో సగానికి పైగా ఇంకా బయటే ఉన్నారు. వాళ్లంతా తాగి ఆలస్యంగా వచ్చారనే మాట తర్వాత చాలాకాలం చలామణీలో ఉంది. నేను మాత్రం ఆ లెక్క చూసినప్పుడల్లా, దేవుడు దిగివచ్చినా ఆ ఏడు ద్వారాల్లోంచి ఆ జనాన్ని టైముకి పంపలేడు అనే అనుకుంటాను.

లోపలి అమరిక ఇంకా ఘోరం. గూండాయిజం భయంతో టెర్రస్‌ను ఇనుప కంచెలతో నిలువుగా అరలుగా విడదీశారు. మైదానం వైపు కూడా ఎత్తైన కంచె, పైన లోపలికి వంచిన ముళ్లు. సరిగ్గా గోల్‌పోస్ట్ వెనక ఉన్నవి 3, 4 నంబర్ల అరలు. వాటికి దారి స్టాండ్ కిందుగా పోయే టన్నెల్. అది కిందికి గట్టిగా వాలు ఉన్న దారి, ఆరు అడుగులకు ఒక అడుగు దిగుతుంది. ప్రవేశం దాటి లోపలికి రాగానే ఎదురుగా కనిపించేది ఆ టన్నెలే. పక్క అరలకు వెళ్లాలంటే చుట్టూ తిరిగి పోవాలి. అలా దారి ఉందని చెప్పే బోర్డులు కొత్తవాళ్ల కంటికి ఆనేలా లేవు. ప్రతి అరలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే ఏర్పాటు లేదు. టర్న్‌స్టైల్ మీటర్లు మొత్తం టెర్రస్‌కి కలిపి ఒకే లెక్క చూపిస్తాయి. లోపలికి పోయాక జనం వాళ్లకు వాళ్లే సర్దుకుంటారని యాజమాన్యం, పోలీసులు అనుకున్నారు.

బయట టర్న్‌స్టైల్స్ ముందు ఒత్తిడి ఎంత పెరిగిందంటే, అక్కడే ఎవరైనా చనిపోతారేమోనని అక్కడున్న పోలీసు అధికారికి భయం వేసింది. పెద్ద గేట్లు తెరవడానికి అనుమతి ఇవ్వమని రేడియోలో మళ్లీ మళ్లీ అడిగాడు. 2:52కి గేట్ సీ తెరిచారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం నాకు కష్టం, బయట పరిస్థితి నిజంగానే ప్రాణాంతకంగా ఉంది. కానీ గేటు తెరిస్తే వచ్చే రెండు వేల మంది ఎటు పోతారు? ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. గేటు తెరవడానికి ముందే టన్నెల్ మూసి ఇద్దరు ముగ్గురు కానిస్టేబుళ్లను అక్కడ నిలబెట్టి, ఇటు కాదు అటు పొండి అని పక్క అరల వైపు చూపించి ఉంటే చాలు. పక్క అరల్లో చోటు ఖాళీగా ఉంది. ముందు సంవత్సరం అదే మైదానంలో, అవే రెండు జట్ల మధ్య జరిగిన సెమీఫైనల్‌లో మధ్య అరలు నిండాక టన్నెల్ దారి ఆపారు కూడా. 1989లో ఆపలేదు. విచారణ జరిపిన లార్డ్ జస్టిస్ టేలర్ తన నివేదికలో ఘోరమైన పొరపాటు అని వేలెత్తి చూపింది దీన్నే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న.

మీరు ఆ గేటులోంచి లోపలికి వచ్చారనుకోండి. టైము మూడు కావస్తోంది. లోపల జట్లు మైదానంలోకి వచ్చిన హోరు వినిపిస్తోంది. ఎదురుగా టన్నెల్, అవతలి చివర వెలుతురు, కొంచెం పచ్చిక కూడా కనిపిస్తోంది. నేల ఏటవాలుగా ఉండటంతో అడుగులు వాటంతట అవే వేగంగా పడతాయి. మీ ముందు మనిషి నడుస్తున్నాడు కాబట్టి మీరూ నడుస్తారు. టన్నెల్ చివరికి వచ్చేసరికి కాస్త ఇరుకుగా ఉంది, అది ఏ పెద్ద మ్యాచ్‌లో అయినా మామూలే. ఒక భుజం ముందుకు పెట్టి ఇంకో అర అడుగు వేస్తారు. మీరు ఎవరినీ తోయలేదు. కానీ మీలాంటి కొన్ని వందల మంది వేసిన ఆ అర అడుగులన్నీ కలిసి, మీకు పదిహేను ఇరవై మీటర్ల ముందు కంచెకు నొక్కుకుని ఉన్నవాళ్ల ఛాతీల మీద పడతాయి. వాళ్ల అరుపులు మీకు వినపడవు. విన్నా, మ్యాచ్ కేకలే అనుకుంటారు. వాళ్ల ముఖాలు మీకు కనపడవు, మీకు కనపడేవి తలల వెనకభాగాలే.

ఇలా ముందువాడి కబురు వెనకవాడికి చేరదు. వెనకవాడి ఒత్తిడి మాత్రం ముందువాడికి వెంటనే చేరుతుంది. గుంపుల్లో జరిగే మరణాల గురించి నేను నేర్చుకున్నదంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. కాబట్టి వెనకవాళ్లు ఆపి ఉంటే సరిపోయేది అన్నది నిజమే, కానీ ఆపాలని వాళ్లకు తెలిసే మార్గమే లేదు. ముందూ వెనకా రెండూ ఒకేసారి చూడగలిగేవాళ్లు స్టేడియం నడిపేవాళ్లు మాత్రమే. పై నుంచి చూసే చోటు, కెమెరాలు, రేడియోలు, మైకు అన్నీ ఉన్నవి వాళ్ల దగ్గరే.

హిల్స్‌బరోలో అలాంటి చోటు ఉంది. పోలీసు కంట్రోల్ బాక్స్ సరిగ్గా ఆ టెర్రస్ పక్క మూలనే, ఎత్తు మీద. కిటికీలోంచి చూస్తే ఆ అరలు కనిపిస్తాయి. లోపల సీసీటీవీ తెరలు కూడా ఉన్నాయి. ఆ రోజు బందోబస్తు బాధ్యత చీఫ్ సూపరింటెండెంట్ డేవిడ్ డకన్‌ఫీల్డ్‌ది. ఆ పదవిలోకి వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. అంత పెద్ద మ్యాచ్ అంతకుముందు నడిపిన అనుభవం లేదు. మధ్య అరలు నిండిపోయాయని, పక్కవి ఖాళీగా ఉన్నాయని కళ్లెదుట కనిపిస్తున్నా దాన్ని ప్రమాదంగా ఎవరూ చదవలేదు. ఆట ఆలస్యంగా మొదలుపెట్టడం ఇంకో మార్గం. 1987లో అదే మైదానంలో జరిగిన సెమీఫైనల్‌ను జనం ఇంకా బయట ఉన్నారని పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టారు. పావుగంట ఆలస్యమని మైకులో చెబితే బయట ఉన్నవాళ్లలో తొందర సగం తగ్గిపోతుంది. నా చేతిలో ఒక్క అధికారమే ఉంచుతామంటే ఆట వాయిదా వేసే అధికారమే అడుగుతాను. టీవీవాళ్ల షెడ్యూల్ పాడవుతుందని దాన్ని వాడటానికి జంకేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

ఆట సరిగ్గా మూడింటికి మొదలైంది. నాలుగు నిమిషాల తర్వాత లివర్‌పూల్ ఆటగాడు పీటర్ బియర్డ్‌స్లీ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలింది. గోల్ కాబోయి తప్పిన ఆ క్షణంలో టెర్రస్ అంతా ఒక్క ఊపు ఊగింది. దాదాపు ఆ సమయంలోనే 3వ అరలో ఒత్తిడిని ఆపడానికి పాతిన ఇనుప కడ్డీ ఒకటి విరిగిపోయింది. దానికి ఆనుకుని ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు కూలిపోయారు. 3:06కి రిఫరీ ఆట ఆపాడు.

ఇక దూకేయొచ్చు కదా అన్న ప్రశ్న. కంచె గురించి చెప్పాను. దానిలో మైదానంలోకి చిన్న గేట్లు ఉన్నాయి, ఒక్కో మనిషి పట్టేంత వెడల్పు, వాటి దగ్గర కాపలా పోలీసులే. పై అధికారి చెప్పకుండా తెరవకూడదని ఆదేశం. 3వ అర గేటు ఒకటి ఒత్తిడికి దానంతటదే తెరుచుకుంటే, బయటికి వస్తున్నవాళ్లను మైదానం మీద దాడికి వస్తున్నారనుకుని మొదట వెనక్కి నెట్టారు. కొంతమంది కంచె ఎక్కి బయటపడ్డారు. కొంతమందిని పైన స్టాండ్‌లో కూర్చున్నవాళ్లు చేతులు పట్టుకుని పైకి లాగారు. కానీ చేతులు రెండూ పక్కలకు ఇరుక్కుపోయినవాడు కంచె ఎలా ఎక్కుతాడు? కంచె అవతల నిలబడ్డవాళ్లతో కళ్లలో కళ్లు పెట్టి చూస్తూ చనిపోయినవాళ్లున్నారు. స్టేడియంలో జనానికీ మైదానానికీ మధ్య దాటలేని అడ్డు ఉండకూడదని నేను మొండిగా వాదించేది అందుకే. ఆటగాళ్ల మీదికి నలుగురు ఆకతాయిలు పరుగెత్తి వస్తే వాళ్లను పట్టుకోవచ్చు. కంచెకు నొక్కుకుని మనుషులు చనిపోతే మాత్రం దిద్దుకునే అవకాశం ఉండదు.

ఆ తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాల్సిందే. అభిమానులే ప్రకటన బోర్డులు ఊడబీకి స్ట్రెచర్లుగా వాడారు. స్టేడియం దగ్గరికి 44 అంబులెన్సులు వచ్చాయి, మైదానంలోకి వచ్చినవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. చాలాసేపు పోలీసులు మైదానం మధ్యలో అడ్డంగా వరస కట్టి నిలబడ్డారు, రెండు జట్ల అభిమానులు కొట్టుకుంటారేమోనని. మొదటి విచారణలో కరోనర్ (మరణాలకు కారణం తేల్చే అధికారి) 3:15 తర్వాత జరిగినదాన్ని పరిగణనలోకే తీసుకోలేదు. అప్పటికే అందరికీ ప్రాణాంతకమైన దెబ్బ తగిలేసింది కాబట్టి తర్వాతి సంగతి అనవసరం అన్నారు. 2012లో హిల్స్‌బరో ఇండిపెండెంట్ ప్యానెల్ వైద్య రికార్డులన్నీ తిరగేసి, సమయానికి సరైన చికిత్స అంది ఉంటే 41 మంది దాకా బతికే అవకాశం ఉండేదని తేల్చింది. మీరు ఎప్పుడైనా అలాంటి చోట ఉంటే గుర్తుంచుకోండి: బయటికి తీసినవాళ్లు కదలకుండా ఉన్నంత మాత్రాన పోయినట్టు కాదు. శ్వాస సరిగా లేకపోతే వెంటనే సీపీఆర్, అంటే ఛాతీ మీద పదేపదే గట్టిగా నొక్కడం మొదలుపెట్టాలి. శ్వాస ఉండి స్పృహ లేకపోతే వెల్లకిలా వదిలేయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

తప్పు ఎవరిది? ఆ మధ్యాహ్నమే డకన్‌ఫీల్డ్ ఫుట్‌బాల్ అధికారులతో, అభిమానులే గేటు బద్దలుకొట్టుకుని వచ్చారని చెప్పాడు. గేటు తెరవమని ఆదేశించింది తానే. నాలుగు రోజులకు ద సన్ పత్రిక 'నిజం' అని పెద్దక్షరాల్లో శీర్షిక పెట్టి, అభిమానులు శవాల జేబులు కొట్టేశారని రాసింది. లివర్‌పూల్‌లో ఆ పత్రికను ఇప్పటికీ చాలామంది ముట్టుకోరు. కిందిస్థాయి పోలీసులు రాసిచ్చిన 164 వాంగ్మూలాల్లో పై నుంచి మార్పులు చేశారని, వాటిలో 116 వాంగ్మూలాల్లో పోలీసులకు ఇబ్బంది కలిగించే మాటలు తీసేశారని 2012లో బయటపడింది. ఆ ఏడాదే 1991 నాటి 'ప్రమాదవశాత్తు మరణం' తీర్పును కోర్టు కొట్టేసింది. కొత్త ఇన్‌క్వెస్ట్ (మరణాలకు కారణం తేల్చే విచారణ) రెండేళ్లు నడిచి, 2016 ఏప్రిల్ 26న జ్యూరీ ఇవి చట్టవిరుద్ధమైన హత్యలని, అభిమానుల ప్రవర్తన దీనికి కారణం కాదని తేల్చింది. ఆ ఇన్‌క్వెస్ట్‌లోనే డకన్‌ఫీల్డ్ తాను అబద్ధం చెప్పానని, టన్నెల్ మూయకపోవడమే మరణాలకు నేరుగా కారణమైందని ఒప్పుకున్నాడు. అయినా 2019లో క్రిమినల్ కేసులో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. శిక్ష పడింది ఆ స్టేడియం నడిపే క్లబ్ అప్పటి సెక్రటరీకి, టర్న్‌స్టైల్స్ ఏర్పాటు విషయంలో భద్రతా చట్టం ఉల్లంఘించినందుకు 6,500 పౌండ్ల జరిమానా. నేను దాని గురించి ఇంకేం రాయను.

అన్నట్టు, 97 అనే సంఖ్య ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. ఆ రోజు చనిపోయినవాళ్లు 94 మంది. ఒకరు కొద్ది రోజులకు ఆసుపత్రిలో, ఒకరు నాలుగేళ్లు స్పృహ లేకుండా ఉండి 1993లో పోయారు. చివరివారు ఆ గాయాలతో 32 ఏళ్లు బతికి 2021లో పోయారు. పాత వ్యాసాల్లో 95, 96 అని కనిపిస్తే కారణం అదే.

ఒక్క హిల్స్‌బరో చూసి పోలీసులు అసమర్థులు కాబట్టి జరిగింది అనుకుంటే సగమే అర్థమైనట్టు. 1971 జనవరి 2న గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో 66 మంది చనిపోయింది ఆట చూసి ఇంటికి పోతుండగా, 13వ నంబరు మెట్ల మీద. అందరూ ఒకే దిశలో దిగుతున్నారు, ఎవరో కొందరు పడ్డారు, పై నుంచి వస్తున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. అవే మెట్ల మీద 1961లో ఇద్దరు చనిపోయారు, ఆ తర్వాత కూడా రెండుసార్లు జనం గాయపడ్డారు. హిల్స్‌బరోలో కూడా 1981 సెమీఫైనల్‌లో అదే లెపింగ్స్ లేన్ టెర్రస్‌లో 38 మందికి దెబ్బలు తగిలాయి. పెద్ద ప్రమాదానికి ముందు చిన్నది జరిగి ఉండటం ఈ రంగంలో ఎంత మామూలో చెబితే నమ్మరు. ఎవరూ చనిపోకపోతే దాన్ని అదృష్టం కింద కాకుండా మన ఏర్పాట్ల గొప్పతనం కింద జమ వేసుకుంటాం.

పోలీసులు టియర్ గ్యాస్ వదిలినప్పుడు జరిగే ప్రమాదాల సంగతి వేరు. 1964 మే 24న పెరూ రాజధాని లిమాలో పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు, జనం మెట్ల టన్నెళ్ల వైపు పరుగెత్తారు, కింద వీధిలోకి తెరుచుకునే షట్టర్లు మూసి ఉన్నాయి. 328 మంది పోయారు. 2001లో ఘనాలోని అక్రాలో మళ్లీ అదే, 120 మందికి పైగా. 2022 అక్టోబర్ 1న ఇండోనేషియాలోని మలాంగ్‌లో కంజురుహాన్ స్టేడియంలో మళ్లీ అదే, 135 మంది. అక్కడ 38 వేల మంది పట్టే చోటికి 42 వేల టికెట్లు అమ్మారు. ఆట అయ్యాక కొందరు మైదానంలోకి దిగితే, పోలీసులు గ్యాస్‌ను స్టాండ్‌లలోకి కూడా కొట్టారు. కూర్చుని ఉన్నవాళ్లు కళ్లు మండి, ఊపిరాడక గేట్ల మీద పడ్డారు. గేట్లు ఇరుకు, కొన్ని పూర్తిగా తెరిచి లేవు. స్టేడియంలో ఇలాంటి వాయువు వాడకూడదని ఫిఫా భద్రతా నిబంధనల్లోనే ఉంది. మూసిన చోట గ్యాస్ వదలడం అంటే వేలమందిని ఒకే క్షణంలో ఒకే ఇరుకు దారి వైపు తరమడం. ఇలాంటి చోట కూడా ఎక్కువమంది పోయేది ఆ ఇరుకులోనే.

టేలర్ తుది నివేదిక 1990 జనవరిలో వచ్చింది. ఇంగ్లండ్‌లో కంచెలు తీసేశారు, పై రెండు డివిజన్ల క్లబ్బులు 1994 కల్లా అందరికీ సీట్లు వేయాలన్నారు. సీట్లే ప్రాణాలు కాపాడాయని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. సీట్ల వల్ల ఒక విభాగంలో ఎంతమంది ఉన్నారో దానంతటదే లెక్క తేలుతుంది, అదీ అసలు లాభం. ప్రతి విభాగానికీ విడి లెక్క, దారి మూసే మనిషి, ఆట ఆపే అధికారం ఉంటే నిలబడి చూసే చోటును కూడా భద్రంగా నడపొచ్చు. వరస వరసకూ కడ్డీ ఉండే, నిలబడి చూసే చోట్లు 2022 నుంచి ఇంగ్లండ్ పై డివిజన్లలోకి మళ్లీ వచ్చాయి. మరోపక్క కంజురుహాన్‌లో జనాన్ని సీట్లు కాపాడలేదు.

ఇక మీ అబ్బాయి. తీసుకెళ్లండి. నిలబడే టికెట్ కాకుండా సీటున్నది కొనండి. ఆట మొదలవడానికి గంటన్నర ముందే లోపల ఉండేలా చూసుకోండి, టర్న్‌స్టైల్ లెక్క చూశారుగా. టికెట్ మీద రాసిన గేటులోంచే వెళ్లండి. లోపలికి వెళ్లగానే బయటికి పోయే దారులు రెండు చూసి పెట్టుకోండి, ఎందుకంటే గాబరాలో అందరూ వచ్చిన దారికే పోతారు.

ఎక్కడైనా నిలబడి ఉన్నప్పుడు మీ ప్రమేయం లేకుండా నాలుగు వైపులా మనుషులు తగులుతున్నారంటే, చేయి పైకెత్తి ముఖం తుడుచుకోవడం కష్టమవుతోందంటే, వెంటనే బయటపడాలి. అప్పటికి ఇంకా కదలగలరు. ఆట మిస్సవుతామని ఆగితే ఆ తర్వాత కదల్లేరు. ఒకవేళ ఇరుక్కుంటే మోచేతులు మడిచి రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డం పెట్టుకోండి, ఊపిరికి ఆ నాలుగు అంగుళాలే ఆధారం. అలకు ఎదురు తోయకండి, దాంతోపాటు పోయి, అది తగ్గిన క్షణంలో పక్కకి, ఐమూలగా జరగండి. గోడకీ కంచెకీ కడ్డీకీ దూరంగా ఉండండి. అరవకండి, గాలి వృథా. చేతిలోంచి ఏదైనా జారిపడితే వంగకండి. పక్కన ఎవరైనా పడితే మాత్రం వెంటనే లేపండి, లేకపోతే వాళ్లమీద ఇంకొకరు, వాళ్లమీద ఇంకొకరు పడతారు. మీరే పడి లేవలేకపోతే పక్కకు తిరిగి ముడుచుకుని తల, ఛాతీ చేతులతో కప్పుకోండి, వెల్లకిలా ఉండొద్దు. అబ్బాయి చిన్నవాడైతే మీ ముందు నిలబెట్టుకుని మీ చేతుల మధ్య ఉంచుకోండి, మీ వెనక కాదు.

ఆట అవగానే లేచి పరుగెత్తకండి. మెట్లు ఖాళీ అయ్యేదాకా పదిహేను ఇరవై నిమిషాలు సీట్లోనే కూర్చుని స్కోర్ గురించి వాదించుకోండి. బస్సు పోతే ఇంకోటి వస్తుంది.